ఇంటర్ అయ్యాక ఒక ఏడాది ఆగాలనుకుంటే: తిరుపతి, చిత్తూరు పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు

జూన్ వచ్చిందంటే మన దగ్గర చాలా ఇళ్లలో ఇదే మాట. ర్యాంకు అనుకున్నంత రాలేదు, లేదా ర్యాంకు వచ్చింది గానీ కోరుకున్న బ్రాంచి రాలేదు, ఒక ఏడాది ఆగుదామా అని. ఆగడంలో తప్పేమీ లేదు. ఆగి మంచి చోట చేరినవాళ్లు మన చుట్టూనే ఉన్నారు, ఆగి ఉన్న చదువు మీద కూడా విరక్తి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ ఇద్దరి మధ్య తేడా తెలివితేటల్లో ఉందని నాకెప్పుడూ అనిపించలేదు. మొదటివాళ్లు ఎందుకు ఆగుతున్నారో తెలిసి ఆగారు. రెండోవాళ్లలో చాలామంది రిజల్ట్ చూసిన రాత్రి, ఆ బాధలో, బంధువుల ముందు తల ఎలా ఎత్తుకోవాలన్న టెన్షన్‌లో "ఇంకో ఏడాది కూర్చుంటా" అనేశారు. అందుకే ఎవరడిగినా ముందు చెప్పేది ఒకటే, రిజల్ట్ వచ్చిన వారంలో ఏదీ తేల్చేయకండి. ఆ వారం మామూలుగా తిని పడుకోండి. ఆ తర్వాత కూర్చుందాం.

కూర్చున్నాక మొదట తేల్చుకోవాల్సింది, మీరు ఆగేది ఏ రకంగా అని. మన దగ్గర ఏడాది ఆగడం అంటే లాంగ్ టర్మే గుర్తొస్తుంది, అంటే సీటు లేకుండా ఆగి మళ్లీ పరీక్ష రాయడం. ఇంకో రకం ఉంది, సీటు వచ్చాక దాన్ని వచ్చే ఏడాదికి జరుపుకుని ఈ ఏడాది వేరే పని చేయడం. అమెరికాలో ఇది బాగా అలవాటైన పద్ధతి. హార్వర్డ్ అయితే సీటిచ్చిన పిల్లలకు, కావాలంటే ఒక ఏడాది ఆగి రండి అని తనే చెబుతుంది. ఒబామా పెద్ద కూతురు మాలియా 2016లో స్కూలు అయ్యాక అలాగే ఆగి 2017లో హార్వర్డ్‌లో చేరింది. మన ఐఐటీలు, ఎన్‌ఐటీలు, మెడికల్ కాలేజీల్లో ఇలా కుదరదు, సీటు ఏ ఏడాదిది ఆ ఏడాదికే. "సీటు తీసుకుని వచ్చే సంవత్సరం చేరతాం సార్" అంటే వినే కౌన్సెలింగ్ ఇక్కడ లేదు. కాబట్టి మనలో ఎక్కువమందిది మొదటి రకమే, ఎక్కువ మాట్లాడేదీ దాని గురించే. రెండో రకం గురించి చివర్లో చెబుతాను.

ముందు రూల్స్ చూసుకోండి, ఇక్కడ పొరపాటు జరిగితే ఏడాది చదువూ వృథా.

జేఈఈ అడ్వాన్స్‌డ్ రెండుసార్లే రాయొచ్చు, అదీ వరసగా రెండేళ్లలోనే. ఇంటర్ సెకండియర్ పరీక్ష మొదటిసారి ఏ ఏడాది రాశారో ఆ ఏడాది, దాని మరుసటి ఏడాది. ఇంప్రూవ్‌మెంట్ రాశాం కదా, లెక్క కొత్తగా మొదలవుతుంది అనుకునేవాళ్లున్నారు, అలా కాదు, మొదటిసారి రాసిన ఏడాదే లెక్క. 2024 నవంబరులో దీన్ని మూడుసార్లు చేస్తున్నామని ప్రకటించి, రెండు వారాలు తిరక్కముందే వెనక్కి తీసుకున్నారు. ఆ మధ్య రోజుల్లో కాలేజీ మానేసిన పిల్లలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. వాట్సాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్ నమ్మి ఏ కాలేజీ మానేయొద్దని చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నాను. జేఈఈ మెయిన్ మాత్రం మూడేళ్లు రాయొచ్చు, ఏడాదికి రెండు సెషన్లు, జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, రెండింట్లో ఏది బాగుంటే అది తీసుకుంటారు.

చాలామందికి తెలియని రూలు ఇంకోటుంది. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లకు కలిపి జరిగే కౌన్సెలింగ్ జోసాలో ఐఐటీ సీటు వచ్చి దాన్ని మీరు యాక్సెప్ట్ చేసి, చివరి రౌండు లోపు విత్‌డ్రా కాకపోతే, మరుసటి ఏడాది అడ్వాన్స్‌డ్ రాసే అర్హత పోతుంది. ఉదాహరణకు మీకు మన ఐఐటీ తిరుపతిలో సివిల్ వచ్చిందనుకోండి, మనసేమో మద్రాస్‌లో కంప్యూటర్ సైన్స్ మీద ఉంది. "ఊళ్లోనే కదా, చేరి చూద్దాం, నచ్చకపోతే వచ్చే ఏడాది మళ్లీ రాద్దాం" అంటే కుదరదు. అక్కడే నిర్ణయం తీసుకోవాలి. నన్నడిగితే ఐఐటీ సీటు చేతికొచ్చాక దాన్ని వదిలి ఏడాది ఆగమని ఎవరికీ చెప్పను. ఎన్‌ఐటీ సీటుకు ఈ చిక్కు లేదు, అక్కడ చేరినా అడ్వాన్స్‌డ్ మిగతా అర్హతలుంటే రాయొచ్చు. ప్రైవేటు సంస్థ బిట్స్ పిలానీ వాళ్ల ప్రవేశపరీక్షకు ఈ ఏడాదో, కిందటి ఏడాదో ఇంటర్ పాసైనవాళ్లకే అవకాశం, అంటే ఒక్క ఏడాది ఆగితే సరే, రెండేళ్లు ఆగితే ఆ దారి మూసుకుపోతుంది.

నీట్‌కు ఇన్నిసార్లే అన్న పరిమితి లేదు, పై వయసు పరిమితి కూడా 2022లో తీసేశారు. వినడానికి బాగుంటుంది గానీ, నాకు నీట్ పిల్లల గురించే ఎక్కువ బెంగ. ఆపేవాళ్లు లేకపోవడంతో రెండో ఏడాది మూడో ఏడాదిగా, మూడోది నాలుగోదిగా సాగిపోతుంది. నీట్ కోసం ఆగేవాళ్లు ఎన్నాళ్లు ఆగుతారో మొదటిరోజే ఇంట్లో అందరి ముందూ చెప్పి రాసి పెట్టుకోండి. మెడికల్ కౌన్సెలింగ్ చివరి రౌండ్లలో సీటు తీసుకుని చేరకపోయినా, చేరి మధ్యలో వదిలేసినా డిపాజిట్ పోవడం, పెనాల్టీ, మరుసటి ఏడాది పరీక్షకు అనర్హత లాంటివి ఉంటాయి. ఆ ఏడాది నోటిఫికేషన్ మొత్తం చదవకుండా వెబ్ ఆప్షన్లు పెట్టకండి.

ఇంకొకటి ఇంటర్ మార్కులు. ఐఐటీ, ఎన్‌ఐటీల్లో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65, లేదా మన బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. లాంగ్వేజీలను వదిలేసి ఎంపీసీ మార్కులే చూసుకునేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. మీది 75కి దగ్గర్లో ఆగిపోయి ఉంటే, కోచింగ్ ఫీజు కట్టకముందే ఇంప్రూవ్‌మెంట్ సంగతి తేల్చుకోండి.

ఇక అసలు పని. నేను దీనికే ఎక్కువ విలువిస్తాను.

జేఈఈ మెయిన్‌కు గానీ, నీట్‌కు గానీ మీరు పెట్టిన జవాబులు, సరైన జవాబుల కీ రెండూ ఆన్‌లైన్‌లో పెడతారు. వెబ్‌సైట్ నుంచి తీసేయకముందే డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీయించండి. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని నాలుగు గళ్లు గీయండి. తప్పు పెట్టిన ప్రతి ప్రశ్న, వదిలేసిన ప్రతి ప్రశ్న ఈ నాలుగింట్లో ఏదో ఒకదాంట్లో పడాలి: ఒకటి, అసలు ఆ పాఠమే రాదు; రెండు, పాఠం వచ్చు గానీ ప్రశ్న అర్థం కాలేదు; మూడు, చేయడం వచ్చు గానీ లెక్కలో తప్పు పోయింది; నాలుగు, వచ్చు గానీ టైము చాలలేదు. ఊహించి పెట్టినవి రైటయినా సరే "రాదు" గడిలోనే వేయండి, అవి మీ మార్కులు కావు.

నా దగ్గర ఫిజిక్స్ చెప్పించుకున్న ఒక అమ్మాయి, చంద్రగిరి పిల్ల, బయాలజీ వీక్ అనే నమ్మకంతో ఏడాదంతా బయాలజీకే ఇవ్వాలనుకుంది. గళ్లు నింపించాక చూస్తే బయాలజీలో పోయినవి తక్కువ, అవీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఉన్న మాటను ఉన్నట్టు చదవకపోవడం వల్ల పోయినవి. ఫిజిక్స్ మూడో గడి మాత్రం నిండిపోయి పక్క పేజీలోకి పోయింది. సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చలేదు, పది పవర్ మైనస్ ఆరుకు బదులు మైనస్ మూడు వేసింది, చివర్లో ఉన్న స్క్వేర్ రూట్ మర్చిపోయింది, అన్నీ ఇలాంటివే. పాఠాలన్నీ వచ్చు. అలాంటి పిల్ల మళ్లీ మొదటి పాఠం నుంచి కోచింగ్ క్లాసులో కూర్చుని వినడం దండగ. ఆమెకు కావాల్సింది రోజూ గడియారం పెట్టుకుని చేత్తో లెక్కలు చేయడం. నీట్‌లో ఫిజిక్స్ ప్రశ్నలు 45, ఒక్కోదానికి నాలుగు మార్కులు, తప్పయితే ఒకటి పోతుంది. అంటే చేతికొచ్చిన ప్రశ్నలో లెక్క తప్పితే పోయేది నాలుగు కాదు, అయిదు. అలాంటివి పది ఉంటే యాభై మార్కులు. నీట్‌లో యాభై మార్కులంటే ఎంత దూరమో రాసినవాళ్లకు తెలుసు.

ఇప్పుడు గళ్లు చూసి నిర్ణయం తీసుకోండి. మూడో గడి, నాలుగో గడి బరువుగా ఉంటే ఏడాది ఆగితే ఫలితం ఉండే అవకాశం ఎక్కువ. రెండోది బరువుగా ఉంటే మంచి మాస్టారు దొరకాలి, దొరికితే ఆగొచ్చు. మొదటి గడి సగానికి పైగా నిండిందంటే, ఇంటర్ రెండేళ్లలో అసలు చదవలేదని అర్థం. దానికి కారణం ఏమిటి? జబ్బు చేసిందా, ఇంట్లో ఏదైనా కష్టం వచ్చిందా, హాస్టల్ పడలేదా, అయితే ఆ కారణం ఇప్పుడు పోయిందా అని చూడండి. కారణం అలాగే ఉంటే, లేదా ఆ సబ్జెక్టే ఇష్టం లేకపోతే, ఏడాది ఆగినా అదే పేపరు మళ్లీ వస్తుంది. అలాంటప్పుడు ఈఏపీసెట్‌లో వచ్చిన సీటో, నచ్చిన డిగ్రీయో తీసుకోవడమే మేలు. ఇది అమ్మానాన్నలకు కటువుగా అనిపించొచ్చు. కానీ పిల్లలకు నచ్చని చదువు కోసం పిల్లల ఏడాదిని, మీ డబ్బును రెండింటినీ పెట్టకండి.

కాలేజీలో చేరి లోపలినుంచే మళ్లీ రాస్తే పోదా అంటారు. కొందరు చేశారు, కానీ బీటెక్ ఫస్టియర్‌లో ల్యాబులు, మిడ్ పరీక్షలు, అటెండెన్సు మధ్య జేఈఈ చదవడం మామూలు విషయం కాదు, రెండూ చెడేవాళ్లే ఎక్కువ. చేరాలనుకుంటే చేరండి, ఆగాలనుకుంటే ఆగండి. ఒకవేళ చేరి మధ్యలో మానాల్సి వస్తే, ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. "నాలుగేళ్ల ఫీజు కడితేనే టీసీ ఇస్తాం" అంటే ఆ ఉత్తర్వు ప్రింటు తీసి చేతిలో పెట్టి రాతపూర్వకంగా అడగండి.

కాగితాల పని ఆగిన ఏడాదిలోనే చేసుకోవాలి, తర్వాత కౌన్సెలింగ్ రోజుల్లో పరిగెత్తితే దొరకవు. ఇంటర్ కాలేజీ నుంచి టీసీ, మార్కుల మెమో, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు తీసేసుకోండి. మన రాష్ట్ర సీట్లలో 85 శాతం లోకల్ కోటా, మనది ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ప్రాంతం, మీరు లోకలా కాదా అన్నది ఈ స్టడీ సర్టిఫికెట్లే తేలుస్తాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరమే ఉండటం మన దగ్గర ఇంటింటి కథ. దాన్ని ఇప్పుడే సరిచేయించండి, అప్లికేషన్ రోజుల్లో ఆధార్ సెంటర్ దగ్గర క్యూలో నిలబడి ఏడవకుండా.

బీసీ పిల్లలకు ఒక ముఖ్యమైన సంగతి. ఐఐటీలు, ఎన్‌ఐటీలు, సైన్స్ చదువుల కోసం పెట్టిన ఐసర్లు కేంద్ర సంస్థలు, అక్కడ మన రాష్ట్రం ఇచ్చే మామూలు కుల ధ్రువీకరణ పత్రం చాలదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అది కూడా ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిందై ఉండాలి. ఈడబ్ల్యూఎస్ వాళ్లకూ అదే తేదీ. అంటే ఈ ఏడాది తీసుకున్నది వచ్చే ఏడాదికి పనికిరాదు, ఏప్రిల్ మొదటి వారంలోనే సచివాలయంలో అర్జీ పెట్టాలి. మన బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండాలని లేదు, అది కూడా ముందే చూసుకోండి. ఖాళీ ఏడాదికి కొన్ని యూనివర్సిటీలు గ్యాప్ సర్టిఫికెట్ అడుగుతాయి. భయపడాల్సిందేం లేదు, స్టాంపు పేపరు మీద ఈ ఏడాది ఎక్కడా చేరలేదని రాసి నోటరీ చేయిస్తే సరిపోతుంది.

డబ్బు సంగతి సూటిగా మాట్లాడుకుందాం. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, అంతా చేతి డబ్బే. మన జిల్లాలో చాలా ఇళ్లలో ఈ నిర్ణయం తోతాపురి కోతలప్పుడే జరుగుతుంది. బంగారుపాళెం వైపో, దామలచెరువు వైపో తోట ఉన్న నాన్న గుజ్జు ఫ్యాక్టరీ ఎంత ధర ఇస్తుందో చూసి ఫీజు సంగతి ఆలోచిస్తాడు. ధర పడిపోయిన ఏడాది అప్పు చేసి మరీ పిల్లల్ని విజయవాడకో, హైదరాబాద్‌కో, రాజస్థాన్‌లోని కోటాకో పంపినవాళ్లు ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది, దయచేసి ముందు ఆ నాలుగు గళ్లు చూడండి. మూడు, నాలుగు గళ్ల పిల్లలు ఇంట్లో ఉండి ఒక మంచి టెస్ట్ సిరీస్ పెట్టుకుని చదివినా చాలు. పాత ప్రశ్నపత్రాలు జేఈఈ అడ్వాన్స్‌డ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఐఐటీ కాన్పూర్, కేంద్ర విద్యాశాఖ కలిసి నడిపే సాథీ పోర్టల్‌లో జేఈఈ, నీట్ పాఠాలు, టెస్టులు ఉచితం. ఇంట్లో చిన్న పిల్లల గోల, టీవీ ఉంటే తిరుపతిలో యూనివర్సిటీ చుట్టుపక్కల నెలవారీ స్టడీ హాళ్లు ఉన్నాయి, చిత్తూరులో జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. హాస్టల్ కోచింగ్ కావాల్సింది రెండో గడి పిల్లలకు, ఒంటరిగా అసలు కూర్చోలేనివాళ్లకు. చేరేముందు ఒకటే అడగండి, ఫీజు వాయిదాల్లో కట్టొచ్చా, రెండు నెలల్లో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు అని. మాటమీద చెబితే నమ్మకండి, రసీదు మీద రాయించుకోండి.

ఏడాది ఎలా నడపాలంటే, జూన్ నుంచి అక్టోబరు దాకా కొత్త టాపిక్స్, నవంబరు నుంచి టెస్టులు అని పెద్దగా రెండు ముక్కలు చేసుకుంటే చాలు, గంటగంటకూ టైంటేబుల్ వేసుకుంటే మూడో రోజుకే చెడుతుంది. పరీక్ష ఏ పూట ఉంటుందో ఆ పూటే టెస్టు రాయండి. నీట్ మధ్యాహ్నం రెండింటికి, మే నెల ఎండలో. మే నెలలో మన తిరుపతి మధ్యాహ్నం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు, తిన్నాక నిద్ర ముంచుకొచ్చే ఆ టైములో తల పనిచేయడం అలవాటు కావాలంటే నెలల తరబడి ఆ టైముకే రాయాలి. ప్రతి టెస్టు తర్వాతా అదే నాలుగు గళ్లు. నెల చివర్లో మూడో గడి తగ్గుతోందా లేదా అని చూసుకోండి, మొత్తం మార్కుల కంటే అది ముందు కదులుతుంది. జనవరి మెయిన్ అయ్యాక ఒకసారి ఆగి చూసుకోండి. గడిచిన ఏడాది కంటే పర్సంటైల్ పెరగకపోతే దారి మార్చడానికి అప్పటికి ఇంకా టైముంది, ఏప్రిల్ దాకా దాచుకుని కూర్చోవద్దు.

దారి మార్చడం అంటే ఓడిపోవడం కాదు, మొదటినుంచీ రెండు మూడు పరీక్షలకు అప్లై చేసి ఉంచడమే. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉందని అందరికీ తెలుసు, ఐసర్ కూడా అక్కడే ఉందని, అదీ 2015లోనే మొదలైందని మన పిల్లల్లోనే సగంమందికి తెలియదు. సైన్స్ ఇష్టమైనవాళ్లకు అయిదేళ్ల బీఎస్ ఎంఎస్ కోర్సు. దాని ప్రవేశపరీక్షలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగింటి నుంచీ పదిహేనేసి ప్రశ్నలు వస్తాయి. నీట్ పిల్ల అయినా జేఈఈ పిల్లాడు అయినా తను చదువుకున్న దాంతోనే చాలావరకు రాయగలరు. మ్యాథ్స్ అంటే ప్రాణమైనవాళ్లకు చెన్నైలో సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్) ఉంది, మూడు నాలుగు గంటల ప్రయాణం. ఆర్ట్స్, కామర్స్ వైపు మనసుంటే కేంద్ర యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశపరీక్ష సీయూఈటీ రాసి ఢిల్లీ యూనివర్సిటీకి వెళ్లొచ్చు. ఈఏపీసెట్ ఎలాగూ మళ్లీ రాయండి, అందులో ఇంటర్ మార్కుల వెయిటేజీ 25 శాతం ఉంది కాబట్టి మీ ఇంటర్ బాగుంటే అది మీకు కలిసొస్తుంది.

వారంలో ఒక పూట పుస్తకం ముట్టకుండా ఉండండి. నెలకోసారి అలిపిరి నుంచి కొండెక్కేవాళ్లను చూశాను, 3,550 మెట్లు, దిగొచ్చాక రెండు రోజులు కాళ్లు పట్టేసినా తల మాత్రం తేలికవుతుందని చెబుతారు. మొక్కు ఉన్నా లేకున్నా ఎక్కొచ్చు. సాయంత్రం క్రికెట్ ఆడినా, పక్కింటి అయిదో తరగతి పిల్లాడికి లెక్కలు చెప్పినా మంచిదే. రోజుకు పదహారు గంటలు చదివామని చెప్పుకునేవాళ్ల మాటలు పట్టించుకోకండి.

ఇంట్లోవాళ్లతో మాట. పెళ్లికి వెళ్తే "ఏం చేస్తున్నావు నాయనా" అని అడుగుతారు, ఆ ప్రశ్నకే భయపడి బయటికి రావడం మానేసే పిల్లలున్నారు. అమ్మానాన్నలు ముందే ఒక మాట అనుకుని, ఎవరడిగినా మీరే జవాబు చెప్పండి, "మళ్లీ రాస్తోందత్తయ్యా, మేమే ఆగమన్నాం" అని. ఆ ఒక్క మాటతో పిల్ల గుండెల మీద బరువు ఎంత దిగుతుందో మీరు ఊహించలేరు. తోటివాళ్ల పిల్లల ర్యాంకులు ఇంట్లో ఎత్తకండి. ఫీజు ఎంత కట్టామో రోజూ గుర్తు చేయకండి, అది వాళ్లకు బాగా తెలుసు. పిల్లలు తిండి మానేసినా, నిద్ర పట్టక తెల్లవారుజామున లేచి కూర్చుంటున్నా, "నేను లేకపోతే మీకు బాగుంటుంది" లాంటి మాట ఒక్కసారి అన్నా, పరీక్ష పక్కన పెట్టి అదే రోజు మాట్లాడండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రయినా పగలైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. సీటు కంటే పిల్ల ముఖ్యమని అందరికీ తెలుసు, కానీ అది పిల్లకు వినబడేలా నోటితో చెప్పాలి.

ఇక విదేశాల్లో చదవాలనుకుని ఆగేవాళ్లు. మన దగ్గర తక్కువమందే గానీ, ఇంటర్ చదివే రెండేళ్లలో ఈ అప్లికేషన్లకు ఊపిరి ఉండదు కాబట్టి, వాళ్లకు ఏడాది ఆగడం నిజంగా పనికొస్తుంది. అమెరికాలో పెద్ద యూనివర్సిటీలకు ముందస్తు అప్లికేషన్ గడువు సాధారణంగా నవంబరు 1, మామూలు గడువు జనవరి మొదట్లో. అక్కడి కాలేజీల ప్రవేశానికి రాసే శాట్ పరీక్షకు చెన్నైకో, బెంగళూరుకో వెళ్లడానికి సిద్ధపడండి. ఇంటర్ కాలేజీ వదిలేముందే ఇద్దరు లెక్చరర్లతో మాట్లాడి రికమెండేషన్ లెటర్ రాస్తారా అని అడగండి, వాళ్ల ఈమెయిల్ తీసుకోండి, ఆర్నెల్లయ్యాక వాళ్లు ఏ బ్రాంచికి మారారో కూడా తెలియదు. తొమ్మిదో తరగతి నుంచి మార్కులు అడుగుతారు, పాత స్కూలుకెళ్లి తొమ్మిదో తరగతి మార్కులు ప్రిన్సిపాల్ సంతకం, సీలుతో తెచ్చుకోండి. డబ్బు లేదని ముందే వెనకడుగు వేయకండి, ఎంఐటీ, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఆమ్‌హర్స్ట్ లాంటివి మీరు ఫీజు కట్టగలరా లేదా అన్నది చూడకుండానే సీటిచ్చి, ఇచ్చాక అవసరమైనంత సాయం చేస్తాయి. సీటు రావడమే బహు కష్టం, అందుకే మన దేశంలో పరీక్షలు కూడా రాస్తూనే ఉండండి.

సీటు వచ్చాక జరుపుకోవాలంటే, ముందు సీటు ఒప్పుకుని, అడ్వాన్సు కట్టి, ఆ తర్వాత ఏడాదిలో ఏం చేస్తారో రాసి అనుమతి అడగాలి. "రెస్ట్ తీసుకుంటా" అంటే చాలదు. అలాగని దేశాలు తిరగాల్సిన పనీ లేదు, మన జిల్లాలోనే ఏడాది సరిపోని పనులున్నాయి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల దగ్గర కూర్చోండి, గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టడం దగ్గర్నుంచి, తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టి నల్లరంగు తీయడం దాకా చేత్తో నేర్చుకుంటే, కెమిస్ట్రీ అప్పుడు అర్థమవుతుంది. ఎండాకాలం మన పల్లెల్లో జరిగే భారతం ఉత్సవాలు, పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు, దుర్యోధన వధ, వీటిని ఊరూరా తిరిగి రికార్డు చేసి రాసి పెట్టినా అది గొప్ప పనే. ఈ ఏడాదిలో వేరే ఎక్కడా డిగ్రీలో రెగ్యులర్‌గా చేరకూడదని యూనివర్సిటీలు షరతు పెడతాయి, ఆర్థిక సాయం వచ్చే ఏడాదికి మళ్లీ లెక్కేస్తారా, ఇప్పుడిచ్చిందే ఉంటుందా అని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. వీసా కాగితాలు కొత్త తేదీతో మళ్లీ తెప్పించుకోవాలి.

ఆగిన ఏడాది చివర్లో చాలామంది చేసే తప్పు ఒకటి చెప్పి ఆపుతాను. జోసా రౌండ్లు, ఈఏపీసెట్ కౌన్సెలింగ్, మెడికల్ కౌన్సెలింగ్ రోజులు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. "పెద్ద సీటు వస్తుందేమో చూసి చిన్నదానికి రిజిస్టర్ చేసుకుందాం" అని ఎదురుచూస్తే చిన్నదాని గడువు దాటిపోతుంది. మీకు అర్హత ఉన్న ప్రతిదానికీ రిజిస్టర్ చేసుకోండి, ఫీజు కట్టండి, వెబ్ ఆప్షన్లు పెట్టి ఫ్రీజ్ చేసిన పేజీ ప్రింటు తీసుకుని ఫైల్లో పెట్టండి. ఒకచోట చేరాక, మిగతావాటిలో విత్‌డ్రా అవ్వడానికి చివరి తేదీ ఎప్పుడో చూసుకుని ఆలోపే విత్‌డ్రా అవ్వండి, కట్టిన డబ్బులో వెనక్కి వచ్చేది ఆ తేదీ లోపలే వస్తుంది.